తపతీ తీరంలో కోలిక నికాయం

నాసిక్ గుహల్లో పదవ దాని వసారా గోడపై ఉన్న ఉషవదాత శాసనం బౌద్ధ అధ్యయనంలో ఉన్నవారికి కొత్తది కాదు. క్షహరాత క్షత్రపుడు నహపాణుని అల్లుడు, దీనికుని కుమారుడు అయిన ఉషవదాత అందులో తన దానాలను ఏకరువు పెట్టాడు. మూడు లక్షల గోవులు, దేవతలకూ బ్రాహ్మణులకూ పదహారు గ్రామాలు, భరుకచ్ఛ, దశపుర, గోవర్ధన, శూర్పారకాల్లో విశ్రాంతి గృహాలు, ఆపైన ఇబా, పారదా, దమణ, తాపీ, కరబేణా, దాహనుకా నదులపై బాటసారులను ఉచితంగా దాటించే పడవలు. ఈ వరుసలోని తాపీ నది నేడు సూరత్ నగరం మధ్యగా ప్రవహించే తపతి. పడవలు పెట్టించినవాని పేరు, తండ్రి పేరు, మామ పేరు శాసనంలో ఉన్నాయి. తెడ్డు వేసినవాని పేరు లేదు.

ఈ మాట శాసనం మీద ఫిర్యాదు కాదు. దానశాసనం చేయవలసిన పని దాత పుణ్యాన్ని నిలబెట్టడం. దాన్ని అది చక్కగానే చేసింది. అయితే కింది వర్గాల చరిత్రను వెలికితీసి, దాన్ని నేటి ఉద్యమాలకూ తరగతి గదికీ అందించాలని కోరుకునేవారు మొదట ఎదుర్కొనే ఇబ్బంది ఇదే. ఆ చరిత్రకు మనకున్న ఆధారాల్లో ఎక్కువ భాగం పైవారు రాయించినవే. వాటిని ఎలా చదవాలి, చదివినదాన్ని ఎవరికి ఏమని చెప్పాలి అన్నది పురావస్తు పరిశోధకుల గదిలో తేలే విషయం కాదని నాకు సూరత్‌లో తెలిసింది.

అదే గుహలో, 42వ సంవత్సరం నాటి మరో శాసనం ఉంది. ఉషవదాత ఈ గుహను చాతుర్దిశ సంఘానికి సమర్పించి, మూడు వేల కాహాపణాలను అక్షయనీవిగా గోవర్ధనంలోని రెండు నేతశ్రేణుల వద్ద ఉంచాడు. ఒక కోలిక నికాయం వద్ద 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. మరో కోలిక నికాయం వద్ద 1,000, నెలకు నూటికి ముప్పాతిక వడ్డీ. మొదటి మొత్తం మీద వచ్చే వడ్డీ గుహలో వర్షావాసం గడిపే ఇరవైమంది భిక్షువులకు, మనిషికి పన్నెండు కాహాపణాల చొప్పున, చీవరాల ఖర్చు.

లెక్క కట్టి చూడండి. రెండు వేలకు నెలకు ఇరవై, ఏడాదికి రెండు వందల నలభై. ఇరవైమందికి పన్నెండేసి చొప్పున పంచితే సరిగ్గా సరిపోతుంది. పైసా మిగలదు, పైసా తరగదు.

తెలుగువారికి ఈ శాసనాన్ని బోధించడం చాలా తేలిక. శాసనం 'పడికసత' అన్నదాన్ని మన పల్లెల్లో నేటికీ 'రూపాయి వడ్డీ' అంటారు. 'పాయున పడికసత' అన్నది అచ్చంగా 'ముప్పావలా వడ్డీ'. బ్యాంకులు ఏడాది శాతాల్లో మాట్లాడుతున్నా మన ఊళ్లు ఇంకా నూటికి నెలకింత అనే లెక్కలోనే ఆలోచిస్తాయి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల రుణాలకు పెట్టిన పథకం పేరు కూడా 'పావలా వడ్డీ'యే కదా. ఇక 'నికాయం' అన్న మాట భిక్షువులకు నేను వివరించవలసింది కాదు. దీఘ నికాయం, మజ్ఝిమ నికాయం అని మనం నిత్యం పలికే మాటనే గోవర్ధనపు లేఖకుడు నేతగాళ్ల సమూహానికి వాడాడు. బుద్ధవచనాల సమూహమూ నికాయమే, మగ్గం పట్టినవారి సమూహమూ నికాయమే.

ఈ శాసనపాఠాన్ని నేను సూరత్‌కు తీసుకుపోవడానికి కారణం అక్కడి తెలుగు నేతకుటుంబాలు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా షోలాపూర్, భివండీ, సూరత్‌లకు వలసపోయారు. చేతిమగ్గం చితికిపోయిన చోటునుంచి మరమగ్గం ఉన్న చోటికి సాగిన ప్రయాణం అది. సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచ' అంటారు. గుజరాతీలో యంత్రానికి 'సంచో' అన్న పేరుంది. ఈ రెండు మాటల చుట్టరికాన్ని గుర్తుపట్టడానికి భాషాశాస్త్రం అక్కరలేదు, సూరత్ వీధుల్లో ఒక పూట నడిస్తే చాలు. అక్కడి నగరపాలక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం ఉండటం కూడా ఈ వలస చరిత్రలో భాగమే. 2017 అక్టోబరులో వరంగల్ వద్ద కాకతీయ జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు సూరత్, భివండీ వలసకార్మికులను వెనక్కు రప్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని ప్రభుత్వమే ప్రకటించింది. పోయినవారు ఎక్కడికి పోయారో రాజ్యానికి తెలుసునన్నమాట.

తపతీ లోయలోని స్థలాల పరిశీలనకు వెళ్లిన ఒక సందర్భంలో, అక్కడి నేతకుటుంబాల పిల్లలకు సాయంత్రం పూట పాఠాలు చెప్పే ఒక ఉపాధ్యాయ మిత్రుడు నన్ను మాట్లాడమన్నారు. నేను నాసిక్ శాసనం లెక్క నల్లబల్ల మీద వేశాను. పిల్లలు వడ్డీని నాకంటే వేగంగా కట్టారు. అంతా అయ్యాక వెనుక వరుసలోని ఒక బాలుడు, "సార్, మరి అసలు ఎప్పుడు తీరుతుంది?" అని అడిగాడు. తీరదనీ, అసలును తిరిగి ఇవ్వనక్కరలేదనీ, వడ్డీ మాత్రమే అనుభవించాలని షరతు ఉందనీ, అందుకే దాన్ని అక్షయనీవి అంటారనీ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే వాళ్లు ఎప్పటికీ అప్పులోనే ఉన్నట్టా?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా అక్షయనీవిని గురించి చదువుతున్నాను, రాస్తున్నాను. సంఘానికి స్థిరమైన ఆదాయం, శ్రేణుల విశ్వసనీయత, గృహస్థ సమాజంతో విహారాల ఆర్థికబంధం అని రాశాను. శ్రేణి వైపు నుంచి ఆ మాటను ఎప్పుడూ చదవలేదు. అక్షయమైన నిధి అవతలి గట్టు నుంచి చూస్తే అక్షయమైన బాకీ. ముందుగా తీసుకున్న బయానా తీరక ఒకే యజమాని దగ్గర ఉండిపోవడం ఏమిటో ఇంట్లో చూసిన పిల్లవానికి ఆ రెండో ముఖం మొదటే కనిపించింది.

అయితే ఆ ప్రశ్నకు తొందరపడి 'అవును' అనడం కూడా తప్పే. కౌటిలీయ అర్థశాస్త్రం నెలకు నూటికి ఒకటింపావు పణాన్ని ధర్మబద్ధమైన వడ్డీ అంటుంది. వ్యాపారులకూ, అడవిదారుల్లో వెళ్లేవారికీ, సముద్రయానం చేసేవారికీ అంతకు ఎన్నో రెట్లు. ఆ లెక్కన గోవర్ధనపు నేతశ్రేణులకు అందినది చౌక పెట్టుబడి. రాచబంధువు ఒకడు రెండు వేల నాణేలను నమ్మి అప్పగించాడంటే ఆ నికాయానికి పరపతి, వ్రాతకోతలు తెలిసిన మనుషులు, తరాల తరబడి మాట నిలుపుకుంటుందన్న పేరు ఉండాలి. పైగా అది నేటి అర్థంలోని కార్మికసంఘం కాదు. మగ్గాలు ఉన్నవారు, మగ్గం మీద కూర్చున్నవారు అందులో ఒకరేనా వేరువేరా అన్నదాన్ని శాసనం బట్టి చెప్పలేం. కాబట్టి ఆ బాలునికి నేను ఇవ్వగలిగిన నిజాయితీ గల జవాబు ఇది: డబ్బు ఇచ్చినవాడు రాయించాడు, వడ్డీ తీసుకున్నవారు గోడ మీద నిలుపుకున్నారు, నేసినవారి మాట ఇందులో లేదు. నేతగాళ్లు స్వయంగా రాయించిన శాసనం ఇంకొకటి ఉంది, దాన్ని రేపు చదువుదాం అన్నాను.

ఆ రెండోది మంద్‌సౌర్ శాసనం. ఉషవదాత విశ్రాంతి గృహం కట్టించిన దశపురమే మంద్‌సౌర్. ఫ్లీట్ 1888లో ప్రకటించిన గుప్త శాసనాల సంపుటిలో ఇది ఉంది. వత్సభట్టి అనే కవి రచించిన ఈ సంస్కృత కావ్యశాసనం మాళవ సంవత్సరం 493లో, అంటే సా.శ. 436–37 ప్రాంతంలో పట్టు నేతగాళ్ల శ్రేణి ఒకటి దశపురంలో సూర్యాలయం కట్టించిన సంగతినీ, అందులో కొంత భాగం శిథిలమైతే 529లో, అంటే సా.శ. 473–74లో అదే శ్రేణి బాగుచేయించిన సంగతినీ చెబుతుంది. బౌద్ధ శాసనం కాదు గదా అని ఈ పత్రిక పాఠకులు అనవచ్చు. నాకు ముఖ్యమైనది ఆ నేతగాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్నది. వారు లాట దేశం నుంచి వచ్చారు. లాటమంటే భరుకచ్ఛ, తపతి ఉన్న దక్షిణ గుజరాత్. నేడు తెలంగాణ నుంచి నేతగాళ్లు వెళ్లి చేరుతున్న నేల నుంచే పదిహేను వందల ఏళ్ల క్రితం నేతగాళ్లు ఇల్లూ వాకిలీ విడిచి వలస వెళ్లారు.

ఎందుకు వెళ్లారు? ఆ దేశపు రాజుల గుణాలకు ఆకర్షితులై, ప్రయాణపు కష్టాన్ని లెక్కచేయక, పిల్లలతో బంధువులతో వెళ్లామని శాసనం అంటుంది. ఇది మర్యాద మాట. ఏ ఊళ్లోనైనా కొత్తగా వచ్చినవాడు ఆ ఊరి పెద్ద మంచితనం చూసి వచ్చానంటాడు గానీ సొంత ఊళ్లో పని పోయి వచ్చానని రాతి మీద చెక్కించుకోడు. కానీ తరువాతి మాటలు మర్యాద మాటలు కావు. వచ్చినవారిలో కొందరు విలువిద్య నేర్చారు, కొందరు కథలు చెప్పడంలో ఆరితేరారు, కొందరు జ్యోతిషంలో పేరు తెచ్చుకున్నారు, కొందరు పట్టు నేతలోనే ఉండిపోయారు అని శ్రేణి తన గురించి తాను చెప్పుకుంది. వృత్తి మారినవారిని శ్రేణి వెలివేయలేదు, తమవారిగానే లెక్కించింది. యౌవనం, సౌందర్యం, ఆభరణాలు ఎన్ని ఉన్నా పట్టుబట్టల జంట ధరించకుండా స్త్రీ ప్రియుని వద్దకు వెళ్లదని ఒక శ్లోకంలో తమ సరుకును పొగుడుకోవడం కూడా మరచిపోలేదు. ప్రకటనల కళకు ఇది మంచి పూర్వోదాహరణ.

మంద్‌సౌర్ పాఠం విన్న పిల్లలకు అన్నిటికంటే నచ్చినది వృత్తులు మారిన జాబితా. నాన్న సాంచ నడుపుతాడు, అన్న వజ్రాల పనిలో చేరాడు, బాబాయి చీరల దుకాణంలో గుమాస్తా. వాళ్ల ఇళ్లలోని లెక్క అదే.

ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంటుంది. ఈ రెండు శాసనాలూ చదివిన వెంటనే, గోవర్ధనపు కోలికులే మన పూర్వికులు, దశపురపు పట్టవాయులే మన మూలపురుషులు అనుకోవాలనిపిస్తుంది. కులసభల సంచికల్లో ఇటువంటి వ్యాసాలకు కొదవ లేదు. నేను దాన్ని ఒప్పుకోను. నేత అనే పని ఒకటే కావచ్చు. రక్తసంబంధానికి ఆధారం లేదు. వంశవృక్షం మీద నిలబడిన గౌరవం, ఆ వృక్షాన్ని ఒక శాసనం కొట్టేయగానే కూలిపోతుంది.

కానీ ఈ ప్రలోభాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. అణగారినవారు తమ గతాన్ని తామే రాసుకోవాలనుకున్న ప్రతిసారీ ఈ ప్రశ్న ఎదురైంది. భాగ్యరెడ్డివర్మ 1913లోనే హైదరాబాద్‌లో బుద్ధజయంతి జరిపారు. 1917లో ఆయన అధ్యక్షతన బెజవాడలో చేరిన పంచమ మహాసభ 'పంచమ' అన్న పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అన్న పేరు తీసుకుంది. ఈ నేలకు మేమే మొదటివారమన్నది చరిత్ర మీద చేసిన వాదన. దాని ఫలితం బడులు, వసతిగృహాలు, సభలు. అంబేద్కర్ 1948లో ప్రకటించిన అస్పృశ్యుల గ్రంథంలో, అస్పృశ్యులు ఒకనాటి బౌద్ధులైన విచ్ఛిన్న జనులని ప్రతిపాదించారు. ఆధార పరంపరలో ఖాళీలు ఉన్నాయనీ, వాటిని ఊహతో పూరించవలసి వచ్చిందనీ ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నారు. తవ్వకాలు ఆ సిద్ధాంతాన్ని ఋజువు చేశాయని నేను చెప్పలేను. అయితే ఆ ప్రశ్న లేకుండా, అమరావతి శిల్పఫలకం మీద చమ్మకార విధికుని పేరును మనం ఇంత శ్రద్ధగా చదివేవాళ్లమా? తోలుపని చేసే విధికుడు, ఉపాధ్యాయుడు నాగుని కుమారుడు, తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్లతో, జ్ఞాతిమిత్రులతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడు. తోలుపనివాని తండ్రి ఉపాధ్యాయుడు. ఈ ఒక్క వాక్యం చాలా పాఠ్యపుస్తకాల్లోని వర్ణవ్యవస్థ పాఠాన్ని ఇబ్బంది పెడుతుంది. ఆ పేరు మొదటినుంచీ రాతి మీద ఉంది. దాన్ని చూసే కళ్లను ఉద్యమం ఇచ్చింది. ఏముందో అంతే చదవాలన్న క్రమశిక్షణను మన శాస్త్రం ఇవ్వాలి.

రాతిలో లేనివారి కోసం మరో దారి ఉంది, వినడం. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటలను వారి నోటనే వినిపించింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ వంటి వారి గొంతు అందులో ఉంది. పార్టీ చరిత్రలు చెప్పని సంగతులు, పోరాటం ముగిశాక ఇళ్లకు పొమ్మన్నప్పటి చేదు సహా, అందులో బయటపడ్డాయి. తమ ఉద్యమాన్ని కూడా ప్రశ్నించనిచ్చిన చరిత్ర అది. ఆ పోరాటకాలంలో ఆంధ్రమహాసభను పల్లెవారు పిలిచిన పేరు 'సంఘం'. భిక్షువుల సంఘం, దొర గడీ ముందు నిలబడిన సంఘం, పావలా వడ్డీ తెచ్చుకున్న మహిళల సంఘం, సూరత్‌లో తెలుగు కుటుంబాలు పండుగకూ చావుకూ ఆసరాగా కట్టుకున్న సంఘం: అర్థాలు వేరు. కానీ ఒంటరిగా చెల్లని మాట గుంపుగా చెల్లుతుందన్న అనుభవం ఆ పదంలో నిలిచి ఉంది.

సూరత్ జిల్లాలోనే ఇందుకు మరో ఉదాహరణ ఉంది. 1928 బార్డోలీ సత్యాగ్రహం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. శిస్తు పెంపును ఎదిరించిన పాటీదారు రైతుల పొలాల్లో తరతరాలుగా 'హాళీ'లుగా కట్టుబడి పనిచేసిన దుబ్లాలు, నేటి హల్‌పతులు, ఆ పాఠంలో కనిపించరు. డచ్చి పండితుడు యాన్ బ్రెమన్ 1960ల మొదట్లో దక్షిణ గుజరాత్ గ్రామాలకు వెళ్లి వారి మధ్య పరిశోధన మొదలుపెట్టిన తరువాత గాని ఆ ఖాళీ స్పష్టం కాలేదు. బార్డోలీని తక్కువ చేయాలని కాదు. బార్డోలీ పాఠంలో హల్‌పతి పిల్లవాడు తన తాతను ఎక్కడ వెతుక్కోవాలో ఉపాధ్యాయుడు చెప్పగలగాలి.

మళ్లీ నాసిక్ శాసనానికి వస్తాను, ఎందుకంటే దాని చివరి మాటలను మనం చాలాకాలంగా అలక్ష్యం చేశాం. ఈ ఒడంబడికను నిగమసభలో చదివి వినిపించారనీ, ఫలకవారంలో నమోదు చేశారనీ, అది 'చరితతో' జరిగిందనీ అక్కడ ఉంది. చరిత్రతః, అంటే ఆచారం ప్రకారం. ధర్మశాస్త్ర పరిభాషలో చరిత్ర అంటే జరిగిపోయినదాని కథ కాదు, జనం నడుపుకుంటూ వస్తున్న కట్టుబాటు. బాకీ పడినవాడు, ఇచ్చినవాడు, ఊరు, ముగ్గురి సమక్షంలో లెక్కను గట్టిగా చదవడం ఆ కట్టుబాటు. దానివల్ల దాత మాట తప్పలేడు, శ్రేణి ఎగవేయలేదు, శ్రేణి మీద ఎవరూ లేని బాకీ మోపలేరు.

1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జరిపిన తొలి జన సునవాయీలో చేసిన పని ఇదే. పనుల హాజరుపట్టీలను ఊరి ముందు చదివారు. పని చేయనివారి పేర్లు, చచ్చినవారి పేర్లు బయటపడ్డాయి. ఆ దారి 2005 సమాచార హక్కు చట్టం దాకా సాగింది. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ గ్రామసభల్లో ఇదే పద్ధతిలో జరిగింది. ఆ కార్యకర్తలు నాసిక్ శాసనం చదివి ఈ పని చేయలేదు, అలా చెప్పడం వారి శ్రమను తక్కువ చేయడం. కానీ లెక్కను బహిరంగంగా చదివే హక్కు విదేశాల నుంచి దిగుమతి అయిన భావన అనేవారికి ఈ గోడను చూపవచ్చు.

సూరత్ మరమగ్గాల కార్మికునికి సాధారణంగా లేనిది ఆ చదివి వినిపించిన కాగితమే. మీటరు లెక్క కూలి, పన్నెండు గంటల పాళీ, నోటిమాట ఒప్పందం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఆ నగరం విడిచిపోయినప్పుడు, 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ వలసకార్మికులు కూలి ఇవ్వండి, ఊళ్లకు పోనివ్వండి అని వీధుల్లోకి వచ్చినప్పుడు, ఎవరికి ఎంత రావాలన్నదానికి ఏ ఫలకవారంలోనూ నమోదు లేదు. రేపు ఈ నగరం కార్మిక చరిత్రను రాయదలచినవారికి మిగిలేది యజమానుల ఖాతాపుస్తకాలే అయితే, ఉషవదాత గోడ ముందు మనం పడుతున్న ఇబ్బందే వారూ పడతారు.

అందుకే ఈ మధ్య ఆ ఉపాధ్యాయ మిత్రునితో కలిసి ఒక చిన్న పని పెట్టుకున్నాం. పిల్లలు ఇంట్లో పెద్దలను అడిగి, ఏ ఊరి నుంచి ఏ సంవత్సరంలో ఎవరి వెంట వచ్చారో, మొదట ఎన్ని సాంచలు నడిపారో, మీటరుకు ఎంత ఇచ్చేవారో తెలుగులో రాసి తెస్తారు. దాన్ని నెలకొకసారి పెద్దల ముందు చదువుతారు, తప్పులుంటే అక్కడే దిద్దుతారు. భిక్షువు ఒకరు మొదటి సమావేశానికి వచ్చి, చీవరం గురించి రెండు మాటలు చెప్పి, మిగతా సమయమంతా వింటూ కూర్చున్నారు. నమూనాగా పిల్లలకు ఇచ్చింది విధికుని శాసనం: నేను ఎవరిని, ఎవరి బిడ్డను, ఎవరెవరితో కలిసి ఏం చేశాను. ఆ అక్షయనీవి ప్రశ్న అడిగిన బాలుడు తల్లి పేరుతో మొదలుపెట్టాడు. సాంచల షెడ్డులో కండెలు చుట్టే ఆమె పేరు అంతవరకు ఏ కాగితం మీదా లేదట. తండ్రి వెంటనే లేచి, ఆమె పని మొదలుపెట్టిన సంవత్సరం తప్పు రాశావని కొడుకును సరిదిద్దాడు.